తడిబండ బేరం

ఆలూరు బస్టాండు వెనక వీధిలో, నాపబండల మిద్దె కింద, మూడు గదుల వాటర్‌షెడ్ ఆఫీసు ఒకటుండేది. ఆఫీసని బోర్డు మీద రాసుకున్నారు కాబట్టి మనమూ ఆఫీసే అందాం. లోపల ఉండేది ఇద్దరే. పటాలు గీసే ఉదయశ్రీ ఒకరు, పటాలు గీయడం తప్ప మిగతా పనులన్నీ చేసే సుబ్బన్న ఇంకొకరు. మూడో ప్రాణి ఒక ముసలి కంప్యూటరు. పొద్దున్నే దాని బటన్ నొక్కి సుబ్బన్న టీకి పోయేవాడు. టీ తెచ్చి, ఇద్దరూ తాగి, గ్లాసులు కడిగి బోర్లించాక అది కళ్లు తెరిచేది.

రెండువేల ఏడు, ఏప్రిల్ ఆఖరి వారం. ఈ ముసలిదాన్ని నమ్ముకుంటే నిరుటి లాగే మళ్లీ మునుగుతామని ఉదయశ్రీకి తెలుసు.

ఆమె పని చెప్పుకోవడానికి చిన్నదే. ఆకాశం నుంచి తీసిన బొమ్మలూ, నేల ఎత్తుపల్లాల అంకెలూ కలిపి కంప్యూటరుకు ఇస్తే, ఏ గుట్ట మీద పడ్డ వాన ఏ వంకలోకి, అంటే ఏ వాగులోకి, జారుతుందో అది గీతలు గీసి చూపిస్తుంది. ఆ గీతలను బట్టి ఎక్కడ చెక్‌డ్యాం కట్టాలో, ఎక్కడ రాతికట్ట వేయాలో ఆమె గుర్తులు పెట్టి జిల్లా ఆఫీసుకు పంపాలి. జిల్లా ఒప్పుకుంటే పంటకోతలు అయ్యేనాటికి ఊళ్లో పని మొదలవుతుంది. పని ఉంటే జనం ఊళ్లో ఉంటారు. లేకపోతే సుగ్గికి పోతారు. కోసిగి పక్క ఊళ్లలో సుగ్గి అంటే పండగ కాదు. దసరా దాటగానే మూటాముల్లె కట్టుకుని, పత్తి తీయడానికో మిరపకాయలు కోయడానికో గుంటూరు దిక్కు పోయి, నాలుగైదు నెలలు పరాయి చేలగట్ల మీద పట్టల కింద బతకడం.

నిరుడు కోసిగి దగ్గరి మూడు వంకలకూ ఆమె పటాలు గీయడం మొదలుపెట్టింది. పటాన్ని ముక్కలు చేసుకుంటే మొత్తం ఇరవై నాలుగు తునకలు. పందొమ్మిది అయ్యాక కంప్యూటరు మొరాయించింది. అది లేచేసరికి గడువు దాటిపోయింది. యంత్రం చెడిపోవడం ఎవరికైనా జరిగేదే, దానికెవరూ ఆమెను తప్పు పట్టలేదు. తప్పు వేరేచోట ఉంది. అంతకు ముందే ఆమె గిడ్డమ్మకు మాట ఇచ్చేసింది.

గిడ్డమ్మది మూడో వంక పక్క ఊరు. యాభై ఏళ్లుంటాయి. కోడలు, ఇద్దరు మనవరాళ్లు ఆమె మీద ఉన్నారు. "ఈ యేడు వంకపని వస్తాది, నువ్వు పోవాకు," అని ఉదయశ్రీ చెప్పింది. ఆ మాట నమ్మి గిడ్డమ్మ సుగ్గి మేస్త్రీ పేర్లు రాసుకోవడానికి వస్తే రాయించుకోలేదు. పని రాలేదు. అందరూ పోయిన పదహైదు రోజులకు, మంచి చేలన్నీ నిండాక, మిగిలిన చోటికి పిల్లలతో సహా పోయింది. నవంబరులో ఉదయశ్రీ ఆ ఊరికి పోతే గిడ్డమ్మ వాకిలికి ముళ్లకంప అడ్డం వేసి ఉంది. ఇల్లు వదిలి పోయేవాళ్లు కుక్కలూ మేకలూ దూరకుండా అట్లా వేసి పోతారు. ఆ కంప ముందు నిలబడి ఉదయశ్రీకి ఏడుపొచ్చింది. ఏడ్చినా చూసేవాళ్లు లేరు కాబట్టి ఏడ్చింది కూడా.

ఈ ఏడాది మార్చిలో గిడ్డమ్మ తిరిగొచ్చింది. తిట్టలేదు. "ఈసారి వస్తాదంటే వస్తాదను, రాదంటే రాదను మేడమ్మా. నడిమధ్య మాట చెప్పొద్దు," అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఉదయశ్రీకి.

గడువు మే పందొమ్మిది. పటాలు అయ్యాక వారం రోజులు వంకల వెంట తిరిగి నేలతో సరిచూసుకోవాలి. ఆ వారం తీసేస్తే పటాలకు మిగిలేది పన్నెండు రోజులు. రోజుకు రెండు తునకలు వస్తే గట్టెక్కుతారు. ఒక్కటే వస్తే మళ్లీ కంపే.

రాత్రిళ్లు నడపొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఆలూరులో ఒక వేసవి గడిపినవాళ్లు ఆ మాట అనరు. రాత్రి త్రీఫేజు ఇవ్వగానే చుట్టుపక్కల బోర్లన్నీ ఒక్కసారిగా నీళ్ల కోసం భూమిని పీకుతాయి. ఓల్టేజి పడిపోయి బల్బులు ఎర్రగా గుడ్లురుముతాయి. ఆ కరెంటుకు కంప్యూటరు పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే. కాబట్టి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా, మధ్యలో వచ్చే కోతలతో సహా, ఉన్నంతలోనే పని కావాలి.

కంప్యూటరు కోసం, ఈ ఆఫీసును నడిపే సంస్థవాళ్లు నలభై అయిదు వేలు పంపారు. ఆ డబ్బుకు కొత్తది, ఈ బరువు మోసేది, రాదు. కర్నూలులో కంప్యూటర్లు బాగుచేసే హబీబ్‌కు ఆమె ఫోన్ చేసింది.

హబీబ్ ముప్పై ఏళ్లవాడు. మాటకారి, పనిమంతుడు. అబద్ధం చెప్పి సరుకు అంటగట్టే రకం కాదు. దానికి సాక్ష్యం అతని పద్ధతే. రెండు మిషన్లు తెచ్చి మీ ఇంట్లో పెడతాడు. రెండు రోజులు వాడుకోమంటాడు. ఒకటి ఉంచుకుంటే ఇంకోటి తీసుకుపోతాడు. ఇరవై ఏడో తేదీన జీపు దిగినప్పుడు అతని వెంట ఇనప బీరువా పిల్లల్లాంటి రెండు డబ్బాలు దిగాయి.

"బెంగుళూరులో ఒక కంపెనీ వాళ్లు పాత సామాను వేలం ఏస్తే తెస్తి మేడమ్. రెండూ మూడు నాలుగేండ్లు వాడినవే. ఇండ్లల్లో వాడేవి కావు ఇవి, సర్వర్లకు, పెద్ద పనులకు వాడేవి. ఒక్కోదాంట్లో రెండేసి ప్రాసెసర్లు ఉండాయి. ఇది జియాన్, మూడు పాయింట్ రెండు గిగాహెర్ట్జ్, నలభై నాలుగు వేలు. అది ఆప్టెరాన్, రెండు గిగాహెర్ట్జ్, ముప్పై ఏడు వేలు."

"మూడూ పైచిలుకు యాడ, రెండు యాడ!" అన్నాడు సుబ్బన్న. పరీక్ష అక్కడికి అయిపోయిందన్నట్టు ఆప్టెరాన్ వైపు జాలిగా చూశాడు.

"అంత తొందర పడొద్దు సుబ్బన్నా," అన్నాడు హబీబ్. "ఒక ఎద్దు గబగబా అడుగులు ఏస్తాది. ఇంగోటి నిదానంగా ఏసినా ఒక్కో అడుగు పెద్దగా ఏస్తాది. సాలు తిరిగి వచ్చేసరికి రెండూ ఒకే పొద్దుకు రావచ్చు. నంబరు ఒక్కటే చూడకూడదు." ఇంత న్యాయంగా చెప్పినవాడే, చెబుతూ చెబుతూ చెయ్యి మాత్రం జియాన్ మీద వేసి ఉంచాడు. అతని మనసు ఎటు ఉందో చెయ్యే చెప్పింది.

"ఒకే తునక రెండింటికీ ఇస్తాం. ఏది ముందు గీస్తే అది," అంది ఉదయశ్రీ.

మర్నాడు ఆమె వచ్చేసరికి సుబ్బన్న గదిని పెళ్లివారి విడిదిలా చేసి పెట్టాడు. నేలబండల మీద మూడు బిందెల నీళ్లు చల్లాడు. కిటికీకి గోనెపట్టాలు తడిపి కట్టాడు. ఎండాకాలం మనింటికి పెద్దమనిషి వస్తే చేసే మర్యాదే ఇది. ఆ చల్లని బండ మీద తుండు పరిచి పడుకోమనేవాళ్లం. మిషన్లు పడుకోవు కాబట్టి, ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను వాటివైపు తిప్పాడు.

"అంత ఖరీదు పెట్టి తెచ్చినవి, ఉక్క పోస్తే ఏమన్నా అనుకుంటాయి," అన్నాడు. ఉదయశ్రీ నవ్వింది. ఆమెకూ అది సబబుగానే తోచింది. ఎవరికైనా తోస్తుంది.

పది గంటలకు రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టారు. పన్నెండు దాటగానే సుబ్బన్న మళ్లీ ఒక బిందె చల్లాడు. అదృష్టం కొద్దీ ఆ పూట కరెంటు కూడా పోలేదు. పన్నెండూ యాభైకి జియాన్ మొదటి తునక గీసేసింది. ఆప్టెరాన్ ఇంకో పావుగంట తీసుకుంది.

"రెండూ మీకు రోజుకు రెండు తునకలు ఇస్తాయి మేడమ్. కానీ జియాన్ ముందుండాది," అన్నాడు హబీబ్. గొంతులో తన కోడి గెలిచిన సంతోషం ఉంది.

ఏడు వేలు ఎక్కువైనా పావుగంట పావుగంటే. గడువు మెడ మీద ఉన్నప్పుడు ముందున్నదాన్ని వదిలి వెనకదాన్ని ఎవరు తీసుకుంటారు? ఉదయశ్రీ కాగితం తీసి జియాన్ పేరు రాయబోయింది.

"తడిబండను చూసి బేరం చేస్తాండావమ్మా," అన్న మాట వరండాలోంచి వచ్చింది.

అన్నది వలి సాహెబ్. బేతంచెర్ల నుంచి వచ్చిన బండల మేస్త్రీ. వరండాలో నేల కుంగితే బండలు తీసి మళ్లీ పరచడానికి మూడు రోజులుగా వస్తున్నాడు. అరవై దాటినవాడు. సున్నం, సిమెంటు తిని చేతులు తెల్లబడిపోయాయి. ఇంతసేపూ గడప అవతల కూర్చుని, బీడీ ఆర్పేసి, ఈ పందెం చూస్తున్నాడు.

"చాచా, ఇవి బండలు కాదు," అన్నాడు హబీబ్. కొంచెం ఉక్రోషంగానే అన్నాడు.

"కాదులే బేటా. మీ మిషన్ల సంగతి నాకేం తెలుస్తాది? నాకు తెలిసిందల్లా బేరం. మా బేతంచెర్లలో బండ కొనేటోడు వస్తాండాడంటే అమ్మేటోడు ముందు బక్కెట్టు నీళ్లు కొడ్తాడు. తడిమీద ప్రతి బండా అద్దమే. మచ్చ కనపడదు, గీత కనపడదు. నేను కొత్తల్లో అట్ల ఒక లారీ కొంటి. ఆదోనిలో ఒకాయప్ప ఇంట్లో పరిస్తి. ఆరినంక చూస్తే నడింట్లో అంతా తెల్లమచ్చలు. బిడ్డ పెండ్లి పెట్టుకున్న ఇల్లది. మళ్లీ పెరికి నా సొంత బండలు ఏసి వస్తి." ఆగి, నేల మీద ఆరిపోతున్న తడిని వేలితో చూపించాడు. "ఇయ్యి రేపు పని చేసేది ఎట్లాంటి గదిలోనమ్మా? నీళ్లు చల్లిన గదిలోనా, ఎండిన గదిలోనా?"

ఉదయశ్రీ పెన్ను మూత పెట్టింది. "సుబ్బన్నా, తొట్టిలో నీళ్లు ఎన్ని ఉండాయి?" అని అడిగింది.

సుబ్బన్న ఖాళీ బిందెను పక్కకు జరిపాడు. "తాగేదానికి రెండు బిందెలు ఉండాయి మేడమ్. ట్యాంకరు ఎల్లుండి వస్తాది," అన్నాడు, నేల చూస్తూ.

రోజుకు నాలుగు బిందెలు. పన్నెండు రోజులు. తాగడానికే నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వచ్చే ఊళ్లో, ఒక డబ్బాకు స్నానపు నీళ్లంత నీళ్లు రోజూ ఎవరు పోస్తారు? గడువు ఆదుర్దాలో ఉదయశ్రీ ఈ లెక్క వేసుకోనే లేదు. నీళ్ల కోసం పటాలు గీసే మనిషి, తన గదిలోని నీళ్లను చూడలేదు. చెవులు వేడెక్కేంత సిగ్గేసింది ఆమెకు.

"హబీబ్, రేపు మళ్లీ పెడదామప్పా. నీళ్లు లేకుండా. పట్టాలు తీసేసి. ఫ్యాను నాకే ఉంచి," అంది.

"పెట్టండి మేడమ్. దాంట్లో నాకేం పోతాది," అన్నాడు హబీబ్. అన్నంత తేలిగ్గా లేడు.

ఇరవై తొమ్మిదిన అదే తునక, అవే మిషన్లు. పది గంటలకు మొదలు. పదకొండు దాకా జియాన్ నిన్నటిలాగే దూసుకుపోయింది. పదకొండున్నరకు మిద్దె బండలు కాగి వేడి కిందికి దిగడం మొదలైంది. గోడను తాకితే రొట్టె పెనంలా ఉంది. జియాన్ ఫ్యాన్ల రొద పక్క గదికి వినబడుతోంది. రొద పెరుగుతోంది గానీ పని జరగడం లేదు. తెర మీద నూటికి నలభై వంతులు అయినట్టు కనిపించి, టీ తాగి వచ్చాక చూస్తే నలభై రెండు దగ్గరుంది. ఆప్టెరాన్ కూడా కొంచెం మెత్తబడింది, కాదనడం లేదు. కానీ అది నిన్న నడిచినట్టే దాదాపుగా నడుస్తోంది. అప్పటికి అది అరవై దాటింది.

హబీబ్ మోకాళ్ల మీద కూర్చుని జియాన్ డబ్బా పక్కతలుపు తీశాడు. చెయ్యి లోపల పెట్టి వెంటనే తీసేసుకున్నాడు.

"ఏమైందప్పా, చెడిపోయిందా?" అంది ఉదయశ్రీ.

"చెడిపోలేదు మేడమ్. చెడిపోకూడదనే తనంతట తానే స్పీడు తగ్గించుకుంటాండాది. దాన్ని చేసినోళ్లు అట్ల పెట్టినారు. ఇది కరెంటు తినేది ఎక్కువ, అందుకే కాగేది ఎక్కువ. ఏసీ గదిలో ఉంటే దీన్ని కొట్టేది లేదు." ముఖం తుడుచుకున్నాడు. "నాకు తెలిసిన ముచ్చటే ఇది. నిన్న గది చల్లగా ఉంటే మర్చిపోతి."

పన్నెండూ నలభైకి కరెంటు పోయింది. సుబ్బన్న పెరట్లోకి పరుగెత్తి జనరేటరు తాడు లాగడం మొదలుపెట్టాడు. ఆ జనరేటరు ఏనాడూ ఆరేడు నిమిషాల లోపు లేచింది కాదు. అంతదాకా యూపీఎస్ మోయాలి. నాలుగో నిమిషంలోనే జియాన్ కింద ఉన్న యూపీఎస్ కీచుమని అరిచి ప్రాణం విడిచింది. చేసిన సగం పనీ దాంతోనే పోయింది. ఆప్టెరాన్ కింద ఉన్నదీ అలాంటిదే, అదే కంపెనీది, అదే సైజు. జనరేటరు లేచేదాకా అది ఓర్చుకుంది. ఒంటిగంటా ఇరవైకి ఆప్టెరాన్ తునక పూర్తి చేసింది. నిన్నటికన్నా పావుగంట ఎక్కువ పట్టింది, అంతే. వెంటనే రెండో తునక పెట్టారు. అయిదు లోపల అదీ వచ్చింది. జియాన్‌ను మళ్లీ మొదటి నుంచి పెడితే అయిదుకు ఒక్కటి కూడా గీయలేకపోయింది.

ఎవరూ ఎగతాళి చేయలేదు. సుబ్బన్న మాత్రం నిన్న తాను జాలిగా చూసిన డబ్బా మీది దుమ్మును తుండుతో తుడిచాడు. క్షమాపణ చెప్పడం అతనికి అట్లాగే వచ్చు.

హబీబ్ జియాన్ పక్కతలుపు మూసి బిగించాడు. తర్వాత తనే అన్నాడు: "మీకు ఇదే సరైంది మేడమ్. జియాన్‌ను కర్నూలులో ఏసీ పెట్టుకున్న ఒక వీడియో స్టూడియో ఆయప్పకు ఇస్తా. అది మంచిదే, కానీ ఆలూరుకు మంచిది కాదు. ఇంగ మీకు మిగిలే దుడ్లల్లో దీనికి ఇంగొంచెం మెమరీ ఏస్తా, యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ పెడ్తా. ఒక్కో తునకకు అర్ధగంట తగ్గుతాది చూడండి." వరండా వైపు తిరిగాడు. "చాచా, మీరు చెప్పకుంటే ఈ మేడమ్ ముందు నా మాట పోయేది."

వలి సాహెబ్ రబ్బరు సుత్తితో బండను తట్టుతూ, "నా మాట పోయినంకనే నేను నేర్చుకుంటి," అన్నాడు.

ఆప్టెరాన్ పన్నెండు రోజులు పనిచేసింది. ఒకరోజు పొద్దంతా కరెంటే రాలేదు. ఇంకోరోజు జనరేటరుకు డీజిల్ దొరకలేదు. హబీబ్ చెప్పిన అర్ధగంట తగ్గడం వల్ల ఆ రెండు రోజులూ పూడాయి. మే పదకొండు సాయంత్రానికి ఇరవై నాలుగో తునక వచ్చింది. వారం పాటు ఉదయశ్రీ, సుబ్బన్న ఎండలో వంకల వెంట నడిచి, పటంలో ఉన్న మలుపు నేల మీద ఉందో లేదో చూసుకున్నారు. పద్దెనిమిదినే జిల్లా ఆఫీసులో కాగితాలు ఇచ్చేశారు. ఆగస్టులో మూడు వంకలకూ మంజూరు వచ్చింది.

మంజూరు కాగితం చేతిలో పట్టుకునే ఉదయశ్రీ గిడ్డమ్మ దగ్గరికి పోయింది. అంతదాకా ఒక్క మాట కూడా చెప్పలేదు. "వస్తాది గిడ్డమ్మా. ఈసారి వస్తాది," అంది.

గిడ్డమ్మ కాగితం తీసుకుని, చదువు రాకపోయినా రెండు వైపులా తిప్పి చూసి, తిరిగి ఇచ్చేసింది. "సరే మేడమ్మా," అంది. అంతకు మించి సంతోషం చూపించలేదు.

దసరా అయింది. సుగ్గి జనం కోసిగి స్టేషనులో రైలెక్కడం మొదలుపెట్టారు. నిరుటి కన్నా తక్కువే గానీ పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. నవంబరు మొదటి వారంలో ఉదయశ్రీ మూడో వంక దగ్గర పని చూసి, ఊళ్లోకి నడిచింది. పనిచోట వందమంది దాకా ఉన్నారు. వాళ్లలో గిడ్డమ్మ కనబడలేదు.

గిడ్డమ్మ వీధి మలుపు తిరగ్గానే ఆమెకు కంప కనబడింది. నిరుటిది కాదు, ఈ యేడు కొట్టిన తుమ్మకంప, ఒక మోపు, గడప పక్కన గోడకు ఆనించి ఉంది. ఉదయశ్రీ వీధి మధ్యలోనే ఆగింది. మాట నమ్మలేదన్నమాట. పోవడానికి సిద్ధమైందన్నమాట. పన్నెండు రోజులు ఆ గదిలో ఉడికిందీ, వంకల వెంట తిరిగిందీ అన్నీ గుర్తొచ్చాయి.

లోపలి నుంచి గిడ్డమ్మ కొడవలి పట్టుకుని వచ్చింది. చేతుల నిండా పనిచోటి ఎర్రమట్టి.

"ఓ, మేడమ్మా! పెద్ద మనవరాలికి జొరం, గంజి కాసిచ్చి పోదామని అరపూట పని దిగొస్తి. మేస్త్రీని అడిగే వస్తిలే."

"ఆ కంప ఎందుకు గిడ్డమ్మా?"

గిడ్డమ్మ కంప వైపు చూసి కొంచెం సిగ్గుపడింది. "నీ మాట నమ్మలేదని కాదు. నిరుడు దెబ్బ తింటి గదా. దసరాకు ముందే కొట్టి పెట్టుకుంటి, ఎందుకైనా ఉంటాదని." వంగి ఒక కొమ్మ లాగి, కొడవలితో రెండు తునకలు చేసింది. "పని మొదలైన రోజు నుంచి రోజుకు రెండు కొమ్మలు పొయ్యిలో పెడ్తాండా. ఇంగో వారానికి అయిపోతాది."

ముళ్లు గుచ్చుకోకుండా పట్టుకుని లోపలికి పోతూ, గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"టీ పెడ్తా ఉండు మేడమ్మా," అంది. "కంప ఎండింది, తొందరగా అంటుకుంటాది."